దుమ్ము ఒకటే, దురద కొందరికే

సిరిసిల్లలో సాంచాలు, అంటే మరమగ్గాలు, ఆడే కార్ఖానాల్లోనూ, కోరుట్ల చుట్టుపక్కల చేట ముందు పెట్టుకొని బీడీలు చుట్టే ఇళ్లలోనూ, జగిత్యాల పల్లెల్లో పసుపు ఉడకబెట్టి, ఆరబోసి, మెరుగుపెట్టే కళ్లాల్లోనూ గాలిలోకి లేచే ధూళి ఒక్కోచోట ఒక్కో రకానిది. ఒకచోట నూలు పీచు, గంజిపొడి. మరొకచోట తంబాకు నుసి. ఇంకొకచోట పసుపు పొడి, కోతల కాలంలో వరి పొట్టు. అయినా వాటన్నిటి చుట్టూ తిరిగే ప్రశ్న ఒక్కటే. ఒకే కప్పు కింద, ఒకే గాలిలో, ఒకే పని చేసేవారిలో కొందరికి మాత్రమే చర్మం దురదపెట్టి, దద్దుర్లు లేచి, కళ్లు ఎర్రబడి నీరు కారడమేమిటి, పక్కనే కూర్చున్నవారికి ఏమీ కాకపోవడమేమిటి? దానికి తోడుగా వచ్చే రెండో ప్రశ్న మరింత చిక్కుది: పని మానేసి, దుమ్ముకు దూరమైన తరువాత కూడా కొందరిలో ఆ దురద ఏళ్ల తరబడి ఎందుకు నిలిచిపోతుంది?

‘ఒంటికి పడదు’ అనే మాటతో జనం చెప్పుకొనే విషయాన్నే వైద్యశాస్త్రం ఎలర్జీ అంటుంది. అంటే హాని చేయని పదార్థాన్ని శత్రువుగా భావించి శరీర రక్షణ వ్యవస్థ దానిపై అనవసరంగా యుద్ధానికి దిగడం. 1960లలో ఐజీఈ అనే ప్రతిరక్షక ప్రోటీన్‌ను గుర్తించడంతో ఈ యుద్ధంలో ఒక ముఖ్య ఆయుధం బయటపడింది. 2006లో బ్రిటన్‌లోని డండీ విశ్వవిద్యాలయ పరిశోధకులు చర్మపు పైపొరను గట్టిగా పట్టి ఉంచే ఫిలాగ్రిన్ అనే ప్రోటీన్ జన్యువులోని లోపాలకు, ఎటోపిక్ డెర్మటైటిస్ అనే దీర్ఘకాలిక ఎలర్జీ చర్మవ్యాధికి మధ్య ఉన్న సంబంధాన్ని చూపడంతో, పుట్టుకతో వచ్చే బలహీనత సంగతీ తేలింది. అయితే జన్యువు మనిషి పుట్టినప్పుడు ఎలా ఉందో చివరిదాకా దాదాపు అలాగే ఉంటుంది, వ్యాధి మాత్రం మే నెలలో రేగి వానాకాలంలో తగ్గుతుంది, ఒక కార్ఖానాలో పెరిగి మరొక ఊళ్లో అణుగుతుంది. మారని జన్యువుకూ మారే వాతావరణానికీ నడుమ, జన్యువు చెప్పిన మాటను ఎంత బిగ్గరగా వినిపించాలో నిర్ణయించే ఒక నియంత్రణ వ్యవస్థ ఉండి తీరాలి. అలాంటి నియంత్రణల్లో గత ముప్పై ఏళ్లలో వెలుగులోకి వచ్చిన ఒక ముఖ్యమైన వర్గం పేరు మైక్రోఆర్‌ఎన్‌ఏలు.

పురుగులో దొరికిన తునక

కణ కేంద్రకంలోని డీఎన్‌ఏలో ఉన్న ప్రోటీన్ తయారీ సూచనలు నేరుగా పనికి రావు. ముందుగా వాటికి సందేశక ఆర్‌ఎన్‌ఏ అనే నకలు తయారై, అది కేంద్రకం బయటికి వచ్చి, అక్కడి రైబోజోములు దాన్ని చదివి ప్రోటీన్‌ను అల్లుతాయి. ఆర్‌ఎన్‌ఏ అంటే ఈ సందేశాన్ని మోసేదో, లేదంటే ప్రోటీన్ అల్లికకు తోడ్పడేదో అని మాత్రమే చాలాకాలం అనుకున్నారు. 1993లో అమెరికా శాస్త్రవేత్తలు విక్టర్ ఆంబ్రోస్, గ్యారీ రవ్‌కున్‌లు సి. ఎలిగాన్స్ అనే మిల్లీమీటరు పొడవుండే పురుగు ఎదుగుదలను పరిశీలిస్తూ, ఏ ప్రోటీన్‌నూ తయారు చేయని ఒక చిన్న ఆర్‌ఎన్‌ఏ ముక్క మరొక జన్యువు సందేశాన్ని అణచివేస్తున్నదని చూపారు. ఆ పురుగుకే పరిమితమైన వింతగా దాన్ని కొట్టిపారేసినవారే ఎక్కువ. 2000లో రవ్‌కున్ బృందం లెట్-7 అనే రెండో ముక్కను కనుగొని, అది పురుగు నుంచి మనిషిదాకా అనేక జీవుల్లో ఉందని నిరూపించాకనే ప్రపంచం అటు తిరిగింది. మనిషిలో ఇలాంటివి వెయ్యికి పైగా ఉన్నాయని ఇప్పుడు లెక్క తేలింది. 2024 అక్టోబరులో ఆంబ్రోస్, రవ్‌కున్‌లకు వైద్యశాస్త్ర నోబెల్ బహుమతి ప్రకటించారు.

మైక్రోఆర్‌ఎన్‌ఏ పొడవు సుమారు 22 అక్షరాలు. ఇక్కడ అక్షరమంటే ఆర్‌ఎన్‌ఏ గొలుసులోని ఒక్కొక్క రసాయన ముక్క. మొదట పొడవైన గొలుసుగా పుట్టి, తలవెంట్రుక పిన్నులా మడతపడి, కేంద్రకంలో డ్రోషా అనే ఎంజైము చేత ఒకసారి, కేంద్రకం బయట డైసర్ అనే ఎంజైము చేత మరొకసారి కత్తిరింపు పొంది, చివరికి ఆర్గోనాట్ అనే ప్రోటీన్ ఒడిలో చేరి పనికి సిద్ధమవుతుంది. దానిలోని రెండో అక్షరం నుంచి ఎనిమిదో అక్షరం వరకు ఉన్న భాగాన్ని విత్తనభాగం అంటారు. ఆ కొద్ది అక్షరాలకు జోడీ కుదిరే వరుస ఏ సందేశక ఆర్‌ఎన్‌ఏ తోకలో దొరికితే దానికి అంటుకొని, దాన్ని ముక్కలయ్యేలా చేస్తుంది లేదా చదవనీయకుండా అడ్డుపడుతుంది. జోడీకి అంత చిన్న వరుస చాలు గనుక ఒక్క మైక్రోఆర్‌ఎన్‌ఏ వందల సందేశాలపై చేయి వేయగలదు, ఒక సందేశంపై అనేక మైక్రోఆర్‌ఎన్‌ఏలు కలిసి పనిచేయగలవు. మనిషిలోని ప్రోటీన్ జన్యువుల్లో సగానికి మించి వీటి అదుపులో ఉన్నాయని అంచనా. అయితే ఒక్కొక్కటి చేసే మార్పు చిన్నది. సిరిసిల్ల భాషలో చెప్పాలంటే ఇది సాంచాను బంద్ చేసే స్విచ్చు కాదు, నడుస్తున్న సాంచా వేగాన్ని కొంచెం తగ్గించే చెయ్యి. అలాంటి చేతులు వందలు ఒకేసారి పడినప్పుడే బట్ట తీరు మారుతుంది. ఎలర్జీ పరిశోధనలో తలెత్తే తికమకల్లో చాలావాటికి మూలం ఇక్కడే ఉన్నందున ఈ సంగతిని మనసులో ఉంచుకోవలసి ఉంది.

చర్మం: బ్రేకును అణచేది ఒకటి, బ్రేకు వేసేది మరొకటి

ఎటోపిక్ డెర్మటైటిస్‌లో రెండు తప్పులు ఒకదాన్నొకటి పెంచుకుంటాయి. పైపొర బలహీనపడి తేమ బయటికి పోతుంది, బయటి ధూళి, సూక్ష్మజీవులు లోపలికి చొరబడతాయి. వాటిని ఎదుర్కోవడానికి వచ్చిన టీ కణాలు అనే రక్షక కణాలు ఇంటర్‌ల్యూకిన్-4, ఇంటర్‌ల్యూకిన్-13 అనే సంకేత ప్రోటీన్లను విడుదల చేస్తాయి. ఆ సంకేతాలు పైపొర తయారీని మరింత దెబ్బతీస్తాయి. ఇంటర్‌ల్యూకిన్-31 నరాలకు దురద కబురు అందిస్తే, గోకుడు మిగిలిన పని పూర్తి చేస్తుంది. చిన్నపిల్లల్లో బుగ్గలపైనా, పెద్దపిల్లల్లో మోచేతి, మోకాలి మడతల్లోనూ కనిపించే ఈ పొడిబారిన, చిట్లిన, దురదపెట్టే మచ్చలను ఇంట్లోవాళ్లు గజ్జి అనో తామర అనో అనుకోవడం మామూలు. గజ్జి పురుగు వల్ల, తామర బూజు వల్ల వచ్చేవి. ఇది ఆ రెండూ కాదు, అంటుకునేదీ కాదు.

స్వీడన్‌లోని కరోలిన్‌స్కా సంస్థలో ఎనికో సోంకోలి, ఆమె సహచరులు ఈ వ్యాధి ఉన్న చర్మంలోని మైక్రోఆర్‌ఎన్‌ఏలను ఆరోగ్యకరమైన చర్మంతో పోల్చి చూసి, 2010లో ప్రచురించిన పరిశోధనలో మైఆర్-155 అనేది బాగా పెరిగినవాటిలో ముందు వరుసలో ఉందని చూపారు. మైఆర్ అన్నది మైక్రోఆర్‌ఎన్‌ఏకు శాస్త్రవేత్తలు వాడే పొట్టిపేరు, తరువాతి అంకె కనుగొన్న వరుసను తెలిపేది. మైఆర్-155 ప్రధానంగా చర్మంలోకి వలస వచ్చిన రక్షక కణాల్లో ఉంది. ఎలర్జీ కలిగించే పదార్థం చర్మానికి తగిలితే అది పెరిగింది. టీ కణాల విజృంభణకు పగ్గం వేసే సీటీఎల్ఏ-4 అనే ప్రోటీన్ సందేశాన్ని అది అణచివేసింది. అంటే దుమ్ము తగిలినప్పుడు శరీరంలో ఉన్న బ్రేకునే బలహీనపరిచే పని ఒకటి మొదలవుతున్నదన్న మాట. బయటి ధూళికీ లోపలి అతిస్పందనకూ మధ్య దారి ఎలా ఏర్పడుతుందో ఇంత సూటిగా చూపిన పరిశోధనలు తక్కువ.

దీనికి సరిగ్గా ఎదురు నడిచేది మైఆర్-146ఏ. ఎస్టోనియాలోని టార్టూ విశ్వవిద్యాలయానికి చెందిన అనా రెబానె బృందం 2014లో ప్రచురించిన ఫలితాల ప్రకారం ఇది కూడా రోగుల చర్మంలో పెరిగే ఉంటుంది, కానీ పెరిగి చేసే పని వాపును తగ్గించడం. చర్మపు పైపొర కణాల్లో మంటను రగిలించే ఎన్ఎఫ్-కప్పా-బీ అనే సంకేత మార్గాన్ని అది అణచివేస్తుంది. దాన్ని తొలగించిన ఎలుకల్లో వాపు మరింత ఎక్కువైంది. రోగిలో ఎక్కువగా కనిపించిన ప్రతిదీ దోషి కాదన్న సంగతి ఈ రెంటినీ పక్కపక్కన పెడితే తేటతెల్లమవుతుంది. మంట పుట్టిన చోట నిప్పు పెట్టినవాడూ ఉంటాడు, నీళ్లు తెచ్చినవాడూ ఉంటాడు, రక్తపరీక్ష కాగితంపై ఇద్దరి పక్కనా ఒకే ‘హై’ గుర్తు పడుతుంది. మైక్రోఆర్‌ఎన్‌ఏ పరీక్షల పేరిట రేపు ఎవరైనా ప్యాకేజీలు అమ్మజూపితే పాఠకులు మొదట అడగవలసిన ప్రశ్న ఇదే: పెరిగింది నిప్పు పెట్టేదా, నీళ్లు తెచ్చేదా?

జగిత్యాల, సిరిసిల్ల జిల్లాలకు ఎటోపిక్ డెర్మటైటిస్ కన్నా దగ్గరిది స్పర్శ ఎలర్జీ. అంటే ఒక పదార్థం చర్మానికి పదేపదే తగిలి, రోజుల తరువాత అదే చోట పొక్కులు, పగుళ్లు తెచ్చే రకం. ఇందులో ఐజీఈ ప్రమేయం లేదు, పని అంతా టీ కణాలదే. డెన్మార్క్ పరిశోధకులు 2012లో ప్రచురించిన ఒక పరిశోధనలో ఇలాంటి పదార్థం తగిలిన చర్మంలో మైఆర్-21, మైఆర్-223, మైఆర్-142 రెండు రూపాలు కలిసి పెరగడాన్ని గుర్తించారు. పాలిస్టర్ బట్టకు వాడే డిస్పర్స్ రకపు నీలి అద్దకాల్లో కొన్ని, పొలం గట్లనూ ఊరి ఖాళీ జాగాలనూ ఆక్రమించిన వయ్యారిభామ, గల్ఫ్ నిర్మాణాల్లో చేతులు కాల్చే సిమెంటు, ఇవన్నీ ఈ దారినే నడుస్తాయి. 1950ల మధ్యలో పుణె వద్ద మొదటిసారి గుర్తించిన వయ్యారిభామ దేశమంతా పాకింది. దానిలోని పార్థెనిన్ అనే పదార్థం ఎండిన మొక్క నుసితో గాలిలో ఎగిరి, ముఖం, మెడ, కనురెప్పలు, చేతుల వంటి బట్ట కప్పని చోట్ల చర్మాన్ని ఏళ్ల తరబడి మందంగా, నల్లగా మార్చేస్తుంది. పొలం పని మాని ఇంట కూర్చున్నా కిటికీలోంచి వచ్చే గాలి చాలు.

సిమెంటు సంగతి వేరే చెప్పుకోవాలి. ఈ రెండు జిల్లాల నుంచి దుబాయి, మస్కట్, సౌదీ వెళ్లిన మేస్త్రీలు, కూలీల చేతుల పగుళ్లకు ముఖ్య కారణాల్లో సిమెంటులోని క్రోమేటు ఒకటి. 1980ల తొలినాళ్లలో డెన్మార్క్ సిమెంటులో కొద్దిపాటి ఫెర్రస్ సల్ఫేట్ కలపడాన్ని తప్పనిసరి చేసి క్రోమేటు ఎలర్జీని బాగా తగ్గించింది. 2005 నుంచి ఐరోపా సమాఖ్య సిమెంటులో కరిగే క్రోమేటును పది లక్షల్లో 2 వంతులకు పరిమితం చేసింది. ఏ మైక్రోఆర్‌ఎన్‌ఏ ఎంత పెరిగిందో తెలియకుండానే, సంచిలో చిటికెడు రసాయనం మార్చడంతో సాధించిన ఫలితమిది. అణువుల పరిశోధన మీద గౌరవమున్నవారు కూడా దీన్ని మరచిపోకూడదు.

బీడీ తంబాకు విషయంలో పరిశోధన ఒక అసౌకర్యమైన దిక్కు చూపుతున్నది. జర్మనీలోని లైప్‌జిగ్‌లో తల్లీబిడ్డలను గర్భకాలం నుంచి వెంబడించి చేసిన అధ్యయనంలో, 2014లో ప్రచురించిన ఫలితాల ప్రకారం, పొగాకు పొగ సోకిన గర్భిణుల రక్తంలోనూ, పుట్టిన బిడ్డ బొడ్డుతాడు రక్తంలోనూ మైఆర్-223 పెరిగి ఉంది. దానితోపాటే, రక్షణ వ్యవస్థను శాంతపరిచే నియంత్రక టీ కణాలు తగ్గి ఉన్నాయి. అవి తక్కువగా ఉన్న బిడ్డలకు మొదటి మూడేళ్లలో ఎటోపిక్ డెర్మటైటిస్ వచ్చే అవకాశం ఎక్కువైంది. అది పొగ గురించి చెప్పిన మాట, ఆకు నుసి గురించి కాదు. కోరుట్ల, మెట్‌పల్లి, సిరిసిల్ల ఇళ్లలో గర్భిణులు చేటలో తంబాకు పెట్టుకొని రోజంతా పీల్చేది నుసిని. రెండూ ఒకటేనని తేల్చేయడం తొందరపాటు. కాదని తోసేయడం అంతకన్నా పెద్ద తొందరపాటు, ఎందుకంటే నికోటిన్ చర్మం గుండా కూడా ఒంట్లోకి చేరుతుంది.

కన్ను: వేసవి పిల్లల వ్యాధి

కంటి విషయంలో తెలంగాణకు సొంత ఆధారం ఉంది. వెర్నల్ కెరటోకంజంక్టివైటిస్ అనే వ్యాధి ప్రధానంగా అయిదు నుంచి పదిహేనేళ్ల మగపిల్లల్లో, వేడిగా, పొడిగా ఉండే ప్రాంతాల్లో కనిపిస్తుంది. కనుగుడ్డు తెల్లభాగాన్నీ రెప్పల లోపలివైపునూ కప్పే కంజంక్టైవా అనే పలుచని పొర, నల్లగుడ్డు ముందుండే పారదర్శకమైన కార్నియా, రెండూ ఇందులో వాస్తాయి. పైరెప్ప లోపల రాళ్లు పరచినట్లు బొడిపెలు లేస్తాయి, తీగలా సాగే పూసి కడుతుంది, వెలుతురు చూడలేక పిల్లవాడు కళ్లు మూసుకుంటాడు. దీన్ని కండ్లకలకగా పొరబడడం తేలిక, కానీ కండ్లకలక ఒకటి రెండు వారాల్లో పోతుంది, ఇది ఏటా ఎండలతో తిరిగి వస్తుంది, కొందరిలో సంవత్సరమంతా ఉంటుంది. దీని అసలు లక్షణం దురద.

1987లో గుళ్లపల్లి నాగేశ్వరరావు హైదరాబాద్‌లో స్థాపించిన ఎల్వీ ప్రసాద్ నేత్ర వైద్య విజ్ఞాన సంస్థ వైద్యులు ఈ వ్యాధి ఉన్న 468 మంది వివరాలను 2013లో ప్రచురించారు. ఆడపిల్లలతో పోలిస్తే మగపిల్లలు ఆరు రెట్లకు పైగా ఉన్నారు. మూడో వంతుకు పైగా రోగులకు బాధ ఏడాది పొడుగునా ఉంది. వాటన్నిటికన్నా ఆలోచింపజేసే అంకె మరొకటి: తమకు గాని, కుటుంబంలో గాని ఇతర ఎలర్జీలు ఉన్నాయన్నవారు దాదాపు 5 శాతం మాత్రమే. ఐరోపా రోగుల్లో ఈ వంతు చాలా ఎక్కువ. వంశపారంపర్యపు ఎలర్జీ తత్వమే ఈ వ్యాధికి మూలమన్న పాఠ్యపుస్తకపు వివరణ ఇక్కడి పిల్లలకు సరిగా అతకడం లేదని, వేడి, ధూళి, ఎండ వంటి బయటి కారణాల పాలు పెద్దదని దీన్నిబట్టి ఊహించవచ్చు. అదే సంస్థ పరిశోధకులు హైదరాబాద్‌కు చెందిన పిల్లల, యువకుల కంటి ఎలర్జీ నమోదులను వాతావరణ వివరాలతో పోల్చి 2021లో ప్రచురించిన మరో అధ్యయనంలో ఉష్ణోగ్రత పెరిగినప్పుడు కేసులు పెరగడం, వాన, గాలిలో తేమ పెరిగినప్పుడు తగ్గడం కనిపించింది. మే నెలలో 45 డిగ్రీలు దాటే రోజులు మామూలైపోయిన జగిత్యాల జిల్లాకు ఈ మాట హైదరాబాద్‌కన్నా గట్టిగానే వర్తించాలి.

జన్యువుల పాలు తక్కువై, వాతావరణం పాలు ఎక్కువైన వ్యాధిలోనే మైక్రోఆర్‌ఎన్‌ఏల వంటి మారే నియంత్రణలను వెదకడం ఎక్కువ ఫలవంతం. అయితే చర్మంపై జరిగినంత పరిశోధన కంటిపై జరగలేదు. ఇందుకు ఒక కారణం మామూలుదే: చర్మం నుంచి చిన్న ముక్క తీయవచ్చు, కన్ను అందుకు ఒప్పుకోదు. దొరికేది కన్నీరు, అదీ కొన్ని మైక్రోలీటర్లు. అదృష్టవశాత్తు ఆ కొద్దిపాటి కన్నీరే సంపన్నమైనది. మనిషి శరీరంలోని 12 ద్రవాలను పోల్చి 2010లో ప్రచురించిన అధ్యయనంలో కన్నీటిలోనూ వందల రకాల మైక్రోఆర్‌ఎన్‌ఏలు దొరికాయి. కణాలు విడిచే సూక్ష్మమైన కొవ్వు తిత్తుల్లోనో, ఆర్గోనాట్ ప్రోటీన్ రక్షణలోనో ఉంటాయి గనుక అవి ద్రవంలో వెంటనే చెడిపోవు. కన్ను పొడిబారిందో లేదో చూడటానికి కంటి డాక్టర్లు కింది రెప్పలో అయిదు నిమిషాలు ఉంచే షిర్మర్ కాగితపు పట్టీ ఉంది కదా, ఆ పట్టీయే నమూనా సేకరణకూ సరిపోతుంది.

కంటిలో ఒక మైక్రోఆర్‌ఎన్‌ఏ కథ మాత్రం స్పష్టంగా తెలిసింది, అది ఈ వ్యాధికి పక్కింటిదే. కార్నియాలోనూ, కటకంలోనూ అత్యధికంగా ఉండే మైఆర్-184 విత్తనభాగంలో ఒక్క అక్షరం మారితే, కార్నియా పలుచబడి శంఖువులా ముందుకు పొడుచుకొచ్చే కెరటోకోనస్, దానితో పాటు చిన్నవయసు కంటిపొర వస్తాయని ఉత్తర ఐర్లండ్‌కు చెందిన ఒక కుటుంబాన్ని పరిశీలించి 2011లో నిరూపించారు. ఇరవై రెండు అక్షరాల్లో ఒక్కటి తప్పినా చూపు పోగలదనడానికి ఇది నిదర్శనం. అలాంటి పుట్టుక లోపాలు అరుదు. అయితే ఏళ్ల తరబడి కళ్లు నలుపుకునే వెర్నల్ పిల్లల్లో కొందరికి ఇదే కెరటోకోనస్ వస్తుంది. ఎల్వీ ప్రసాద్ రోగుల్లోనూ వచ్చింది. రోజూ నలిపే వేలి ఒత్తిడి, లోపలి వాపు కలిసి కార్నియాను నిలబెట్టే నియంత్రణలను ఎక్కడ తప్పిస్తున్నాయన్నది ఇంకా తెరిచి ఉన్న ప్రశ్న. తల్లి ‘కండ్లు నలుపకురా’ అని గదమాయించడానికి మాత్రం ఆ జవాబు కోసం ఆగనక్కర లేదు.

చర్మం, కన్ను ఒకే వ్యాధికి రెండు ముఖాలన్న భావనకు కూడా కొన్ని హద్దులున్నాయి. ఇంటర్‌ల్యూకిన్-4, 13ల గ్రాహకాన్ని మూసేసే డుపిలుమాబ్ అనే సూదిమందును 2017లో అమెరికా ఆమోదించింది. ఎటోపిక్ డెర్మటైటిస్ చర్మాన్ని అది బాగా మెరుగుపరిచింది, కానీ అదే రోగుల్లో కొందరికి కొత్తగా కళ్లు ఎర్రబడి వాచాయి. చర్మానికి మేలు చేసిన అడ్డుకట్టే కంటికి చేటు చేసిందంటే, రెండుచోట్లా ఒకే సంకేతం ఒకే పని చేయడం లేదని అర్థం. చర్మంలో దొరికిన మైక్రోఆర్‌ఎన్‌ఏ ఫలితాలను కంటికి అచ్చంగా అన్వయించడం ఈ కారణంగానే కుదరదు.

మందు ఎప్పుడన్న ప్రశ్న

పెరిగిన మైఆర్-155ను అణచే మందు ఇస్తే సరిపోదా అన్న ఆలోచన సహజం. అలాంటి మందు తయారైంది కూడా. కోబోమార్సెన్ అనే పేరుతో, ఎలర్జీకి కాదు, చర్మంలో పుట్టే ఒక రకం టీ కణాల క్యాన్సర్‌కు పరీక్షించారు, పరీక్షలు మధ్యలోనే ఆగిపోయాయి. మైఆర్-34ను భర్తీ చేసే మరో మందును క్యాన్సర్ రోగులకు ఇచ్చినప్పుడు రక్షణ వ్యవస్థ తీవ్రంగా తిరగబడి 2016లో ఆ పరీక్షను ఆపవలసి వచ్చింది. ఇప్పటివరకు మైక్రోఆర్‌ఎన్‌ఏను లక్ష్యంగా పెట్టుకున్న ఏ మందూ ఆమోదం పొందలేదు. ఒక్క మైక్రోఆర్‌ఎన్‌ఏ వందల సందేశాలను తాకడం పరిశోధకునికి ముచ్చటైన విషయం, మందు తయారుచేసేవానికి పీడకల. చర్మం, కన్ను బయటి అవయవాలు గనుక పూతగానో చుక్కగానో ఇస్తే మిగిలిన ఒంటికి సోకకుండా ఉండవచ్చన్న ఆశ మాత్రం మిగిలి ఉంది.

ఈలోగా పసుపులోని కుర్కుమిన్ మైక్రోఆర్‌ఎన్‌ఏలను మారుస్తుందన్న ప్రచారం ఒకటి నడుస్తున్నది. ప్రయోగశాల పళ్లేల్లోని కణాలపై అది నిజమే. తిన్న పసుపులోంచి రక్తంలోకి చేరే కుర్కుమిన్ అత్యల్పమన్నదీ అంతే నిజం. పసుపు పండించే జిల్లాలో ఈ మాట చెప్పడం కొంచెం ఇబ్బందే గాని, పసుపు కొందరి చర్మానికి స్వయంగా స్పర్శ ఎలర్జీ తెచ్చే పదార్థం కూడా.

కనుక మైక్రోఆర్‌ఎన్‌ఏల దగ్గరి ప్రయోజనం చికిత్సలో కన్నా కొలతలో ఉంది. ఏ పిల్లవాడి కన్ను యుక్తవయసులో తనంత తానే బాగుపడుతుంది, ఎవరి కార్నియా దెబ్బతింటుంది, ఎవరికి సైక్లోస్పోరిన్ లేదా టాక్రోలిమస్ వంటి స్టెరాయిడ్ కాని మందులు మొదటి నుంచే కావాలి అన్న ప్రశ్నలకు ఇప్పుడు వైద్యుని అనుభవమే కొలబద్ద. కన్నీటి పట్టీ ఆ తీర్పుకు ఒక ఆధారమివ్వగలిగితే చాలు, దాని విలువ ఏ కొత్త మందుకూ తీసిపోదు, ఎందుకంటే ఇక్కడ చూపును తీస్తున్నది చాలాసార్లు వ్యాధి కాదు, దానికి వాడిన మందు. మెడికల్ షాపులో చీటీ లేకుండా దొరికే స్టెరాయిడ్ చుక్కలు వేసిన గంటల్లో ఎరుపు, దురద మాయమవుతాయి. మానేయగానే తిరిగి వస్తాయి. నెలలు, ఏళ్లు వేసుకున్న పిల్లల్లో కొందరికి కంటి ఒత్తిడి పెరిగి నీటికాసులు, అంటే గ్లకోమా, కంటి నరాన్ని తిరిగిరాకుండా చంపేస్తుంది. ఎల్వీ ప్రసాద్ వైద్యులు ఇలాంటి అంధత్వంపై ప్రత్యేకంగా రాశారు. చర్మపు పూతల సంగతీ ఇదే. చర్మవైద్యుల సంఘాల ఒత్తిడి తరువాత 2018లో కేంద్రం అనేక స్టెరాయిడ్ పూతమందులను చీటీ ఉంటేనే అమ్మవలసిన జాబితాలో చేర్చింది. షాపు కౌంటరు మీద ఆ జాబితా ఎంతవరకు అమలవుతున్నదో వినియోగదారులందరికీ తెలుసు.

ఆరోగ్య వ్యవస్థ జిల్లాకు దగ్గరైన మాట వాస్తవం. 2018 ఆగస్టు 15న మొదలై 2023లో రెండో విడత సాగిన కంటి వెలుగు ఊరూరా కళ్లు పరీక్షించింది, కానీ దాని చూపు ప్రధానంగా కళ్లద్దాల మీద, పెద్దల కంటిపొరల మీద ఉంది, దురదతో బడి మానే పిల్లవాడి మీద కాదు. 2022లో జగిత్యాలలో, 2023లో సిరిసిల్లలో ప్రభుత్వ వైద్య కళాశాలలు ప్రారంభమయ్యాయి. చర్మ, నేత్ర విభాగాలు, ప్రయోగశాల ఉన్న చోట ఒక చర్మపు లేదా కన్నీటి నమూనాను శుభ్రంగా తీసి, గడ్డకట్టించి, హైదరాబాద్‌కు పంపడం ఇక అసాధ్యం కాదు. నమూనాలో రక్తం కలవకూడదు, ఎందుకంటే ఎర్ర కణాల్లో నిండుగా ఉండే మైఆర్-451 వంటివి లెక్కను చెరుపుతాయి; ఒకే పిల్లవానిది మే నెలలో ఒకసారి, వానలు కుదిరాక మరొకసారి తీయాలి; పక్కన ఆరోగ్యంగా ఉన్న అదే బడి, అదే వాడ పిల్లలది కూడా కావాలి. స్వీడన్, ఎస్టోనియా చర్మాలపై దొరికిన ఫలితాలు సాంచాల వాడలో ఎంతవరకు నిలుస్తాయో తేల్చే దారి ఇదే.

అన్నిటికన్నా కష్టమైన షరతు వేరే ఉంది. స్టెరాయిడ్ మందు మైఆర్-155 ఉత్పత్తినే అణచివేస్తుందని ప్రయోగాల్లో తేలింది. అంటే చుక్కలు వేసుకున్న కంటి కన్నీటిని కొలిస్తే బయటపడేది వ్యాధి లెక్క కాదు, మందు లెక్క. కొలత సరిగా ఉండాలంటే మొదటి చుక్క పడకముందే పిల్లవాడు వైద్యునికి చిక్కాలి. పెద్దాసుపత్రికి చేరేసరికి రెండు మూడు రకాల చుక్కలు వాడి ఉండే అవకాశమే ఎక్కువ గనుక అలాంటి కన్ను అక్కడ దొరకడం కష్టం. అది దొరికేది కోరుట్ల పల్లెలోని ఆరోగ్య ఉపకేంద్రంలో, లేదా సిరిసిల్ల నేతవాడలోని ప్రాథమిక బడిలో, అదీ ఎండలు ముదరకముందు.